‘కుక్కకే కదా మేడమ్’

ఇంటికొచ్చి గంట దాటింది, చేతులు ఇంకా వణుకుతూనే ఉన్నాయి. ఇది రాయకపోతే నాకు ఈ రాత్రి నిద్ర పట్టదు. పొడుగైతే ఏమీ అనుకోకండి.

జున్ను సంగతి ఇక్కడ చాలామందికి తెలుసు. మా కుక్క, తొమ్మిదేళ్లు. ఉగాదికి ముందు దాని దవడ కింద రెండు పక్కలా ఉసిరికాయలంత గడ్డలు చేతికి తగిలాయి. వెనక కాళ్లలో మోకాళ్ల దగ్గర ఇంకో రెండు. సూది గుచ్చి పరీక్షకి పంపితే లింఫోమా అన్నారు, అంటే లింఫు గ్రంథులకి వచ్చే క్యాన్సర్. అప్పట్నుంచి ఆస్పత్రిలో ఇంజెక్షన్లు, మధ్య మధ్యలో ఇంట్లో వేసే మాత్రలు. రేపు పొద్దున్న మాత్రల వంతు. సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మాత్రలు, 50 మిల్లీగ్రాములవి నాలుగు. ఎప్పుడూ తెచ్చే చోట అయిపోయాయంటే ఇవాళ సాయంత్రం మా మల్కాజిగిరిలోనే ఇంకో మెడికల్ షాపుకి వెళ్లాను.

చీటీ మీద డాక్టరు రాసింది ‘జున్ను, 9 ఏళ్లు, 22 కిలోలు’ అని. కౌంటర్లో ఉన్నాయన అది చదివాడు. మందు పేరు చూశాడు. మొహం మెత్తబడింది, గొంతు తగ్గించి, “పాపకా మేడమ్?” అన్నాడు. “కాదండీ, మా కుక్కకి” అన్నాను. ఆ మొహంలో ఉన్నదంతా ఒక్క క్షణంలో ఎటు పోయిందో తెలీదు.

కత్తెర తీసి, చూడకుండానే స్ట్రిప్పు కోసేశాడు. కత్తెర సరిగ్గా ఒక మాత్ర మీంచే పోయింది. సగం ముక్క అద్దం మీద పడింది, చుట్టూ తెల్లగా పొడి రాలింది. ఆ ముక్కని రెండు వేళ్లతో తీసి కాగితం కవర్లో వేశాడు. ఇది వద్దు, ఇంకోటి ఇవ్వండి, దీన్ని అలా ముట్టుకోకూడదు అన్నాను. “ముక్కలైతే ఏమైతది మేడమ్, కుక్కకే కదా. ఎట్లైనా కడుపులకే పోతది. నూరి పెరుగన్నంల కలపండి, మంచిగ తింటది” అన్నాడు. అంటూనే ఆ పొడిని అరచేత్తో తుడిచేశాడు. అదే చేత్తో నా పక్కనున్న అమ్మాయికి ఐరన్ మాత్రలు తీసిచ్చాడు. ఆ అమ్మాయికి ఆరో నెలో ఏడో నెలో ఉంటుంది. పాపం నిలబడలేక, పొడి పడిన ఆ అద్దం మీదే చెయ్యి ఆనించి ఉంది.

నేను అరిచాను. నిజంగానే అరిచాను. “అమ్మా, అక్కణ్నించి చెయ్యి తియ్యి, ఇంటికెళ్లగానే సబ్బుతో కడుక్కో, ఆ మాత్రలు మార్చి తీసుకో” అన్నాను. ఆ అమ్మాయి నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. లైన్లో ఎవరో “కుక్క గోలీకి ఇంత లొల్లా” అన్నారు. నలుగురు నవ్వారు.

నవ్వినవాళ్లకి చెప్తున్నాను. సైక్లోఫాస్ఫమైడ్‌లో కుక్క మందు, మనిషి మందు అని రెండు రకాలు లేవు. లింఫోమాకీ, రొమ్ము క్యాన్సర్‌కీ మనుషులకి ఇచ్చే మాత్రే ఇది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీదికి వదిలిన మస్టర్డ్ గ్యాస్ ఉంది చూశారా, ఆ రసాయనాల వంశంలోంచి పుట్టిన మందు. 1959లో అమెరికాలో అనుమతి వచ్చింది, ఇప్పటికీ ఎన్నో ప్రాణాలు నిలబెడుతోంది. కానీ ఆరోగ్యంగా ఉన్నవాళ్ల ఒంట్లోకి పోతే ఇదే క్యాన్సర్ తెప్పించగలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి మొదటి గ్రూపులో పెట్టింది. కడుపులో ఉన్న బిడ్డకి హాని చేస్తుంది. అందుకే విరవకూడదు, నూరకూడదు, క్యాప్సూల్ అయితే విప్పకూడదు. గ్లౌజులు లేకుండా ముట్టుకోకూడదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు దాని జోలికే రాకూడదు. మందులమ్మడం చదువుకుని లైసెన్సు తీసుకున్నవాళ్లకి ఇది నేను చెప్పాలా?

జున్నుకి ఈ మాత్ర వెయ్యడమంటే మా ఇంట్లో ఒక రోజు పని. పొద్దున్నే ఆరింటికి వేస్తాం, సాయంత్రం వెయ్యం. ఈ మందు ఒంట్లో విరిగి అక్రోలీన్ అనే పదార్థం తయారవుతుంది. అది మూత్రాశయంలో నిలవుంటే లోపలి పొరని కాల్చేస్తుంది, మూత్రంలో రక్తం పడుతుంది. అందుకని పగలంతా నీళ్లు తాగించాలి, మాటిమాటికీ బయటికి తీసుకెళ్లాలి. మూత్రం ఎక్కువ రావడానికి ఇంకో మాత్ర తోడిస్తారు. రాత్రి వేసి పడుకుంటే తెల్లారేదాకా ఆ విషం లోపలే ఉంటుంది కదా.

మింగించడానికి మూడు ముద్దల పద్ధతి. ఇడ్లీ చిదిమి నెయ్యి రాసి చిన్న చిన్న ముద్దలు చేస్తాను. మొదటి ముద్ద ఉత్తది. రెండోదాంట్లో మాత్ర. అది నోట్లో ఉండగానే మూడోది ముక్కు ముందు పెట్టాలి. మూడోదాని ఆశతో రెండోదాన్ని నమలకుండా మింగేస్తుంది. ఇలా నాలుగు మాత్రలకీ నాలుగుసార్లు. మొదటిసారి నాకు తెలీక అన్నీ ఒకే ముద్దలో పెట్టాను. ఇడ్లీ అంతా నాకి, నాలుగు మాత్రల్నీ శుభ్రంగా నా కాళ్ల దగ్గర పెట్టి, తోకూపుతూ నా మొహంలోకి చూసింది. పైపూత తడిసిపోయి మెరుస్తున్నాయి. గ్లౌజులేసుకుని ఒక్కోటీ ఏరి, ఆ గచ్చు కడిగి, డాక్టరుకి ఫోన్ చేశాను. డోసు వేశాక ఒక గంట దాన్ని వదలను. వాంతి చేసుకుంటే మళ్లీ వెయ్యకూడదు, ముందు డాక్టర్ని అడగాలి. మూడు రోజులపాటు మూత్రం, మలం, వాంతి ఏదైనా గ్లౌజుల్తోనే తియ్యాలి. దాని పక్కబట్ట విడిగా ఉతకాలి. ఒంట్లో వేడి 103 ఫారన్‌హీట్ దాటితే రాత్రా పగలా అని చూడకుండా పరిగెత్తాలి. మందు వల్ల తెల్లరక్తకణాలు పడిపోతాయి, చిన్న ఇన్ఫెక్షన్ కూడా ప్రాణం మీదికి తెస్తుంది. రక్తపరీక్షలో ఆ కణాలు తక్కువగా ఉంటే మందు వాయిదా.

ఇన్నిసార్లు బయటికి తీసుకెళ్లాలంటే లిఫ్టు కావాలి కదా. మాది నాలుగో అంతస్తు. వైద్యంలో భాగంగా ఇచ్చే స్టెరాయిడ్ వల్ల దానికి దాహం ఎక్కువ, వెనక కాళ్లలో బలం తగ్గింది, మెట్లు దిగలేదు. పోయిన నెల అసోసియేషన్ గ్రూపులో ఒకాయన మా ఫోటో పెట్టాడు. నేను గ్లౌజులేసుకుని గేటు పక్కన నీళ్లు పోస్తున్న ఫోటో. ‘అంటురోగం ఉన్న కుక్కని లిఫ్టులో తెస్తున్నారు, పిల్లలు తిరిగే చోటు’ అని కింద రాశాడు. ఎనిమిది మంది బొటనవేలు పెట్టారు. అందులో ముగ్గురు మా ఇంట్లో భోజనం చేసినవాళ్లు. లింఫోమా అంటుకోదు. గ్లౌజులు రోగం అంటుతుందని వేసుకునేవి కాదు, మూత్రంలో మందు ఉంటుందని వేసుకునేవి. మీ పిల్లల పాదాలకి అది తగలకూడదనే ఎవరూ తిరగని మూలకి తీసుకెళ్లి, బక్కెట్టు నీళ్లు పోసి కడుగుతున్నాను. పెంపుడు కుక్కల్ని లిఫ్టు ఎక్కనివ్వకుండా ఆపే హక్కు అసోసియేషన్లకి లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలిచ్చింది. అది గ్రూపులో పెట్టాను. ఒక్కరూ మాట్లాడలేదు, ఫోటో కూడా తియ్యలేదు.

కుక్కల్లో అంటుకునే క్యాన్సర్ ఒకటి నిజంగానే ఉంది. మన వీధికుక్కల్లో బాగా కనిపిస్తుంది. జతకట్టినప్పుడు ఒకదాన్నుంచి ఇంకోదానికి పాకుతుంది, వెనక భాగంలో ఎర్రగా పువ్వులాగా గడ్డ వచ్చి రక్తం కారుతూ ఉంటుంది. మనుషులకి రాదు. వారానికోసారి విన్‌క్రిస్టిన్ అనే కీమో ఇంజెక్షన్ కొన్ని వారాలు చేస్తే చాలావాటికి పూర్తిగా తగ్గిపోతుంది. మా వీధిలో ఒక తల్లికుక్కకి అలాగే తగ్గింది. దాన్ని రాళ్లతో కొట్టి తరిమినవాళ్లు ఎంతమందో, పట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్లింది మాత్రం పదో తరగతి చదివే ఒక్క పిల్లాడు. వాడికి చెయ్యెత్తి దణ్ణం పెట్టాలి.

ఇక డబ్బు సంగతి. “కీమోకి లక్షలు తగలేస్తున్నారంట కదా, ఆ డబ్బుతో ఒక పేదపిల్లాణ్ని చదివించొచ్చు కదా” అని అడగనివాళ్లు లేరు. రేపటి నాలుగు మాత్రల ఖరీదు రెండు ఇరానీ చాయ్‌ల డబ్బులు. ఇంజెక్షన్లకీ రక్తపరీక్షలకీ అవుతుంది, కాదనను. ఆ డబ్బు నేను నా జీతంలోంచి పెట్టుకుంటున్నాను. మొన్న మీ అబ్బాయి పుట్టినరోజుకి ఫంక్షన్ హాలు తీసుకున్నప్పుడు పేదపిల్లాడి చదువు గురించి నేను అడిగానా? “దాన్ని హింస పెడుతున్నారు” అనేవాళ్లు ఇంకో రకం. కుక్కలకి మనుషులకిచ్చినంత గట్టి డోసులివ్వరు. జబ్బుని వేళ్లతో సహా పీకెయ్యాలని కాదు, ఉన్నన్నాళ్లు హాయిగా ఉండాలని ఇస్తారు. చాలా కుక్కలకి బొచ్చు కూడా రాలదు, మీసాలు మాత్రం రాలతాయి. జున్నుకి రాలాయి, ఒకటి దాచుకున్నాను. ఏ వైద్యమూ లేకపోతే నెల, రెండు నెలలు. అన్ని మందులూ కలిపి ఇస్తే సుమారు ఒక ఏడాది. దాని లెక్కలో ఒక ఏడాదంటే ఎంతో తెలుసా? దవడ కింద గడ్డలు ఇప్పుడు చేతికే తగలట్లేదు. నిన్న పాలపాకెట్టు ఎత్తుకుపోయి మంచం కింద దూరింది. ఎన్నాళ్లకో!

అందరి మాటలూ ఒక ఎత్తు, పోయిన ఆదివారం మా మేనత్త అన్న మాట ఒక ఎత్తు. పొద్దున్నే వచ్చింది. నేను గ్లౌజులేసుకుని, పళ్లెం విడిగా పెట్టుకుని, జున్ను పక్కబట్ట తీస్తున్నాను. గుమ్మంలోనే నిలబడి చూసి చూసి, “కుక్కకి ఇంత మడి కడుతున్నవా బిడ్డా? మా అన్నకి చేసినావా ఇట్ల?” అంది.

చెయ్యలేదు అత్తా. నాలుగు రోజులుగా నాకు నోట్లోంచి రాని జవాబు ఇదే. చెయ్యలేదు. ఎందుకంటే మాకు ఎవరూ చెప్పలేదు.

నాన్నకి పెద్దపేగు క్యాన్సర్. కేపిసైటబిన్ అనే కీమో మాత్రలు ఇంట్లోనే వేసుకోమన్నారు, రెండు వారాలు వేసి ఒక వారం ఆపాలి. కౌంటర్లో డబ్బాలన్నీ ఒక క్యారీబ్యాగులో పడేసి ఇచ్చారు. “అన్నం తిన్న అరగంటలోపు, పొద్దున సాయంత్రం” అన్నారు. అంతే, ఇంకొక్క మాట లేదు. పొడుగ్గా, పెద్దగా ఉండే మాత్రలవి. నాన్నకి గొంతు దిగేవి కావు. అమ్మ ఏం చేసేదో తెలుసా? చిన్న రోట్లో వేసి మెత్తగా నూరేది. వేలితో రోలంతా తుడిచి, ఒక్క పలుకు కూడా పోకుండా, అరటిపండు గుజ్జులో కలిపి, అదే వేలితో తినిపించేది. మందు వృథా కాకూడదని ఆ వేలు మళ్లీ ఆయన చేత చీకించేది. ఆ రోట్లోనే తర్వాత మాకు అల్లం, వెల్లుల్లి దంచేది. అప్పుడు మా అక్క ఐదో నెలతో పుట్టింటికొచ్చి ఉంది. అదే వంటింట్లో, ఆ రోలు పక్కనే కూర్చుని కూరగాయలు తరిగేది. దేవుడి దయ, అక్కా బాగుంది, పిల్లాడూ బాగున్నాడు. నాకు మాత్రం ఈ సంగతి తెలిసిన రోజు నుంచి గుండె దడ ఆగదు. ఇవాళ కౌంటర్ మీద ఆ అమ్మాయి చెయ్యి చూసి నేనెందుకు అరిచానో ఇప్పుడు అర్థమైందా?

డబ్బాలో కాగితం ఉంటుంది, నిజమే. చీమ తలకాయంత అక్షరాలు, అంతా ఇంగ్లిష్. మా అమ్మ తెలుగు తప్పు లేకుండా చదువుతుంది, పొద్దున్నే పేపరు మొత్తం చదివిగానీ లేవదు. ఆమె చదవగలిగే భాషలో రెండు వాక్యాలు రాసిచ్చి ఉంటే చాలు. ‘నూరకూడదు. చేత్తో ముట్టుకోకూడదు.’ ఈ రెండు వాక్యాలు రాసివ్వడానికి ఎంత ఖర్చు? అంత పెద్ద ఆస్పత్రి, అంతమంది డాక్టర్లు, నర్సులు, ఫార్మసీలో ఆరుగురు. మందు ఎవరు తినిపిస్తారు, ఎలా తినిపిస్తారు అని మా అమ్మని ఒక్కళ్లు అడగలేదు. జున్నుకి మొదటిసారి మాత్రలిచ్చినప్పుడు పశువుల డాక్టరు దగ్గర పనిచేసే కుర్రాడు నన్ను కూర్చోబెట్టి పది నిమిషాలు చెప్పాడు. ఇంట్లో ఎవరైనా కడుపుతో ఉన్నారా అని అడిగాడు. బాల్‌పెన్నుతో చీటీ రాసిచ్చాడు. ‘విరవొద్దు. నూరొద్దు. గ్లౌజులు. పొద్దున్నే. నీళ్లు బాగా.’ ఫ్రిజ్ మీద అంటించాను, ఇప్పటికీ ఉంది.

అమ్మ ఇవాళ దాన్ని చదివింది. నేను షాపు గొడవ చెప్తుంటే లేచి వెళ్లి ఫ్రిజ్ ముందు నిలబడి, చివరిదాకా చదివి, “మీ నాన్న మాత్రలక్కూడా ఇంతేనా?” అంది. అవునన్నాను. అమ్మ ఇంకేం మాట్లాడలేదు. కాసేపటికి వంటింట్లో కుళాయి చప్పుడు వినిపించింది. చేతులు కడుక్కుంటోంది, చాలాసేపు.

అత్తకి నేను ఫోన్ చేసి చెప్తాను, ఇక్కడ ముందు మీకు చెప్తున్నాను. మీ ఇంట్లో ఎవరికైనా కీమో మాత్రలు రాస్తే, మనిషికైనా కుక్కకైనా, కౌంటర్ దగ్గరే నిలబడి అడగండి. నూరొచ్చా, ముట్టుకోవచ్చా, మింగలేకపోతే ఏం చెయ్యాలి అని. విసుక్కుంటే విసుక్కోనివ్వండి, జవాబొచ్చేదాకా కదలకండి. తెలుగులో రాసివ్వమనండి. ఆ షాపాయన ఇచ్చిన కవరు ఒక జిప్ సంచిలో వేసి పెట్టాను, రేపు డాక్టరు దగ్గర ఇచ్చేస్తాను, వాళ్లు పారేసే పద్ధతి వేరే ఉంటుంది. నాలుగు నిఖార్సయిన మాత్రలు తార్నాక దాకా వెళ్లి తెచ్చాను.

రేపు ఆరింటికి డోసు. ఆరున్నరకి ఒకసారి, ఆ తర్వాత ప్రతి రెండు గంటలకీ జున్నుని కిందికి తీసుకొస్తాను. మా అపార్ట్‌మెంట్ వాళ్లు ఇది చదువుతుంటే, నాకు లిఫ్టు కావాలి. దయచేసి ఎవరూ తలుపు పట్టుకుని ఆపకండి, అది ఎక్కువసేపు ఆపుకోలేదు.