ఫ్రాన్స్ పంపని నివేదిక

పసిఫిక్ మహాసముద్రంలో ఫ్రాన్స్ పాలనలో ఉన్న తాహితీ, దాని చుట్టూ ఉన్న దీవులను కలిపి ఫ్రెంచ్ పాలినేషియా అంటారు. 2013 మే 17న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ దాన్ని స్వయంపాలన లేని భూభాగాల జాబితాలో తిరిగి చేర్చింది. ఆ జాబితాలో ఉన్న ప్రాంతం గురించి పాలించే దేశం క్రమం తప్పకుండా వివరాలు పంపాలని సమితి చార్టర్‌లోని 73వ అధికరణం చెబుతోంది. పదేళ్లు గడిచినా ఫ్రాన్స్ ఆ పని చేయలేదు. అదే ఫ్రాన్స్ పసిఫిక్‌లోనే తన పాలనలో ఉన్న న్యూ కలెడోనియా వివరాలు మాత్రం పంపుతోంది.

ఇది మామూలు కాగితాల వ్యవహారమని కొట్టిపారేయలేం. నివేదిక పంపడమంటే ఆ నేల తన సొంత గడ్డ కాదని ఒప్పుకోవడమే. అందుకే వలస దేశాలకు దానంటే అంత టెన్షన్. ఈ ఎత్తు గోవా విషయంలో మనం చూసిందే. పోర్చుగల్ 1951లో రాజ్యాంగం మార్చి, వలసలకు 'సముద్రాంతర రాష్ట్రాలు' అని పేరు పెట్టింది. 1955లో సమితిలో చేరాక, వివరాలు పంపాల్సిన ప్రాంతాలేవీ తన దగ్గర లేవంది. పాలించే దేశానికి దూరంగా ఉండి, జాతి, సంస్కృతి వేరైన ప్రాంతానికి నివేదిక ఇవ్వాల్సిందేనని సర్వప్రతినిధి సభ 1960 డిసెంబరు 15న తేల్చింది. అదే రోజు పోర్చుగల్ వివరాలు పంపాల్సిన ప్రాంతాల్లో అంగోలా, మొజాంబిక్‌లతో పాటు గోవా పేరు కూడా రాసింది. అయినా పోర్చుగల్ కదలలేదు. మరుసటి ఏడాది డిసెంబరులో మన సైన్యం వెళ్లాకే గోవాకు విముక్తి దొరికింది. అంగోలా, మొజాంబిక్ ప్రజలు 1975 దాకా నెత్తురోడ్చాల్సి వచ్చింది.

పాలినేషియన్లు స్వాతంత్ర్యమే కోరుతున్నారని మేము అనడం లేదు. 2013లో అక్కడి శాసనసభే జాబితాలో చేర్చొద్దని తీర్మానించింది. 2023 నుంచి స్వాతంత్ర్యవాదుల ప్రభుత్వం నడుస్తోంది. ఉండాలో, విడిపోవాలో వాళ్ల ఇష్టం. కానీ 1966 నుంచి 1996 వరకు 193 అణు పరీక్షలు జరిగిన దీవులవి. అక్కడి ప్రజల ఆరోగ్యం గురించి ప్రపంచానికి లెక్క చెప్పకపోతే ఎలా?

2023 అక్టోబరులో ఫ్రాన్స్ ప్రతినిధి తొలిసారిగా సమితిలో ఈ దీవులపై చర్చకు వచ్చారు. ఇందులో సమితికి పాత్ర లేదనే వైఖరి మాత్రం మారలేదు. యానాం సహా నాలుగు స్థావరాలను 1956 ఒప్పందంతో మనకు అప్పగించిన దేశమే ఇలా మాట్లాడటం బాధ కలిగిస్తోంది. రఫేల్ విమానాలు కొన్నంత మాత్రాన మన నోరు కట్టేసుకోనక్కర్లేదు. వలసల విముక్తిపై సమితి వేసిన ప్రత్యేక కమిటీలో భారత్ సభ్యదేశం. వచ్చే సమావేశంలోనే ఆ నివేదిక ఏదని మన ప్రతినిధి ఫ్రాన్స్‌ను పేరు పెట్టి అడగాలి.