పేపర్లు దిద్దడమే ట్రైనింగ్ అట!

"పబ్లిక్ పరీక్షల పేపర్లు దిద్దడమే టీచర్‌కు అసలైన శిక్షణ, ఇవిగో అయిదు కారణాలు" అనే మెసేజ్ ఈ మధ్య ఏ గ్రూప్ తెరిచినా కనిపిస్తోంది. పంపేవాళ్లలో ఎంతమంది ఒక్క కట్టయినా దిద్దారో నాకు అనుమానమే.

మూడో కారణం, పరిచయాలు పెరుగుతాయట. పెరుగుతాయి, పెళ్లిళ్లకు వెళ్లినా పెరుగుతాయి. నాలుగోది సర్టిఫికెట్. సరే, ఫైల్లో పెట్టుకుందాం.

మొదటిది: "వందల జవాబులు చదివితే పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో తెలుస్తుంది." తడబాటు తెలుస్తుంది, కారణం తెలియదు. పాఠం ఎవరు ఎలా చెప్పారో మనకు తెలియదు. రాసిన పిల్లను పిలిచి "ఇలా ఎందుకు రాశావమ్మా" అని అడగలేం. ఆ జవాబును స్టాఫ్‌రూమ్‌కు తెచ్చి చర్చిద్దామంటే గోప్యత నిబంధన అడ్డం.

రెండోది: "మార్కులు ఎలా పడతాయో తెలుసుకుని మన పిల్లలకు చెప్పొచ్చు." అంటే ఏ మాట కింద గీత గీస్తే మార్కు వస్తుందో నేర్పడం. దీన్ని బోధన అనడానికి నాకు నోరు రావడం లేదు.

ఇక అయిదోది: "శిక్షణే ప్రతిఫలం, రెమ్యూనరేషన్ కోసం పేచీలెందుకు?" అసలు మంట దీనితోనే. దిద్దేది ఎవరి అవసరం కోసం? టైముకు ఫలితాలు ఇవ్వాల్సిన బోర్డు కోసం. అక్కడ కావలసింది మీ ఆలోచన కాదు, అందరూ ఒకేలా మార్కులు వేయడం. ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్ అనే అంతర్జాతీయ స్కూల్ బోర్డు) పరీక్షల్లో సీనియర్ ఎగ్జామినర్లు ముందే మార్కులు ఖాయం చేసిన జవాబులను మామూలు వాటి మధ్య కలిపి పంపుతారు. మీ మార్కు వాళ్ల మార్కుకు దూరంగా పడుతూ ఉంటే మిమ్మల్ని ఆపేస్తారు. తప్పేం లేదు, పిల్లలకు న్యాయం జరగాలంటే అలాగే ఉండాలి. కానీ "మీ అభిప్రాయం పక్కన పెట్టి బోర్డు ఇచ్చిన మార్కుల స్కీమ్ ప్రకారం వేయండి" అనే పనికి శిక్షణ అని పేరు పెట్టి, ఉత్తపుణ్యానికి చేయమంటారా? ఇన్విజిలేషన్ కూడా ఓర్పులో శిక్షణే కదా, రేపు దానికి మనల్నే ఫీజు కట్టమంటారేమో!

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. కట్టలు విప్పకముందు అందరికీ ఒకే జవాబు ఇచ్చి, ఎవరికి వాళ్లను మార్కు వేయమంటారు. నేను 3 వేసిన దానికి పక్కనావిడ 6 వేస్తుంది. ఎందుకో ఇద్దరం చెప్పుకోవాలి. 1912లో అమెరికాలో స్టార్చ్, ఎలియట్ అనే ఇద్దరు ఒకే ఇంగ్లిష్ పేపర్‌ను 142 మంది టీచర్లతో దిద్దిస్తే, వందకు వేసిన మార్కుల్లో అత్యల్పానికీ అత్యధికానికీ మధ్య తేడా 30 దాటింది. ఆ తేడా మన మధ్యే కనబడి, దాని మీద వాదన జరిగే కాసేపు నిజంగా శిక్షణే. నేను కూర్చున్న ఏ వర్క్‌షాప్‌లోనూ అంత నేర్చుకోలేదు.

అయితే దానికి బోర్డు పిలుపు అక్కర్లేదు. మన క్లాసులోవే అయిదు జవాబులు జిరాక్స్ తీసి, పేర్లు కప్పేసి, నలుగురు టీచర్లు విడివిడిగా దిద్దితే చాలు. ఎక్కువ తేడా వచ్చిన జవాబుతో పోట్లాట మొదలుపెట్టండి.