సిరోంచ పిల్లలకు పొగడ్తలు చాలు, బాణాలు ఇవ్వండి

జనవరి 26 వచ్చిందంటే మహారాష్ట్ర, తెలంగాణ సరిహద్దులోని మా సిరోంచ వైపు బడుల్లో ఒక తంతు తప్పదు. మాడియా ఆదివాసీ పిల్లల తలకు ఈకలు కట్టి, చేతికి వెదురు విల్లు ఇచ్చి, గడ్డిమోపు మీదికి బాణం వేయిస్తారు. వేదిక మీది పెద్దమనిషి మైకందుకుని ‘వీళ్లు ఏకలవ్యుడి వారసులు, విలువిద్య వీళ్ల రక్తంలోనే ఉంది’ అంటాడు. చప్పట్లు, ఫొటోలు, ఇంటికి. ఏళ్ల తరబడి ఈ మాట వింటున్నాను. మన పిల్లలను పోటీ మైదానానికి దూరం పెడుతున్నది ఈ మాటేనని నా గట్టి నమ్మకం.

పోటీ ఆర్చరీ ఎలా ఉంటుందో చూడండి. ఒలింపిక్ రికర్వ్‌లో, అంటే కొసలు ముందుకు వంగిన విల్లుతో వేసే పోటీలో, గురిపలక 70 మీటర్ల అవతల ఉంటుంది. దాని వెడల్పు 122 సెంటీమీటర్లు, నడిమి పది పాయింట్ల వలయం 12.2 సెంటీమీటర్లు. లెక్క కట్టండి: బాణం నడిమి నుంచి డిగ్రీలో ఇరవయ్యో వంతు పక్కకు పోయినా పది పోయినట్టే. ఎవరి స్థానం ఎంతో తేల్చే తొలి ర్యాంకింగ్ రౌండ్‌లో ఇలాంటివి 72 బాణాలు. ఒక్కో లాగుడు 20 కిలోలనుకుంటే ఆ పూటకు 1,440 కిలోలు. తర్వాత ఒకరితో ఒకరికి పోటీ: మూడేసి బాణాల సెట్లు, సెట్ గెలిస్తే రెండు పాయింట్లు, సమమైతే చెరొకటి, ముందు ఆరు తెచ్చుకున్నవాళ్లదే గెలుపు. బాణానికి 20 సెకన్లే గడువు. 5-5 అయితే చెరో ఒక్క బాణం. 2024 పారిస్ ఫైనల్ అలాగే తేలింది. కిమ్ వూజిన్, బ్రేడీ ఎల్లిసన్ ఇద్దరూ పదే కొట్టారు, కిమ్ బాణం కేంద్రానికి 4.9 మిల్లీమీటర్లు దగ్గరగా దిగింది.

ఆ 4.9 మిల్లీమీటర్లు ఏ తాతముత్తాతల నుంచీ రావు. రికర్వ్ విల్లుకు క్లిక్కర్ అనే సన్నని రేకు ఉంటుంది. బాణం దాని కింద నుంచి వెనక్కి జరుగుతుంది. మొన దాటగానే రేకు ‘టిక్’ అంటుంది, అప్పుడే వదలాలి. ప్రతిసారీ లాగుడు ఒకే పొడవు రావడానికే ఆ ఏర్పాటు. నాకు ఈ ఆట మొత్తం ఆ రేకులోనే కనిపిస్తుంది. వేటలో ఏ రెండు బాణాలూ ఒకటి కావు. జంతువు కదులుతుంది, కొమ్మ అడ్డొస్తుంది, చెయ్యి అప్పటికప్పుడు సర్దుకోవాలి. ఇక్కడ గాలిని బట్టి గురి కాస్త జరుపుతారేమో గానీ, భుజం, మోచెయ్యి, దవడ కింద వేళ్లు ఆనే చోటు వెంట్రుకవాసి కూడా మారకూడదు. సాధనలో ఉదయం మొదటి బాణం ఎలా వేశారో సాయంత్రం మూడువందలవ బాణమూ అలాగే వేయాలి. బాణాలూ అంతే. వదిలినప్పుడు బాణం వంగుతూ పోతుంది కాబట్టి దాని గట్టిదనం విల్లు బలానికి సరిపోవాలి, వాడేవన్నీ ఒకే రకం కావాలి. రెండు విరిగితే వెదురు చెక్కి సర్దుకునే వీలు లేదు.

లింబా రామ్ అడవిలోంచే వచ్చాడు కదా అంటారు. నిజమే. రాజస్థాన్ ఆదివాసీ కుర్రాడు, 1987లో సెలక్షన్‌లో దొరికాడు, 1992లో బీజింగ్‌లో ప్రపంచ రికార్డును సమం చేశాడు. కానీ ఆ మధ్య ఐదేళ్ల శిక్షణ సంగతి ఈ వేదికల మీద ఎవరూ ఎత్తరు. పైగా 1972 వన్యప్రాణి చట్టం, 1991లో దానికి చేసిన సవరణతో వేట నేరమైంది. చట్టం వద్దన్న వేటను నేటి పిల్లల చేతికి అంటగట్టి పొగడటం ఏం న్యాయం?

మా రాష్ట్రాన్నే తీసుకోండి. 2023లో బెర్లిన్‌లో కాంపౌండ్ (కొసలకు కప్పీలుండే విల్లు) ప్రపంచ ఛాంపియన్లయిన అదితి స్వామి, ఓజస్ దేవ్‌తలే ఇద్దరూ మహారాష్ట్ర వాళ్లే. ఓజస్ ఫైనల్‌లో 150కి 150 కొట్టాడు. ఇద్దరూ తయారైంది సతారాలో, ఒకే అకాడమీలో. గోదావరి అవతల మనవాళ్లను చూసినా అంతే: జ్యోతి సురేఖ, ధీరజ్ బొమ్మదేవర విజయవాడ పిల్లలు. ఆ ఊళ్లలో ఉన్నది అడవి కాదు, కోచ్‌లు. కొరియాకు పాత విల్లు సంప్రదాయం ఉన్నా దాన్ని నమ్ముకుని కూర్చోలేదు. ప్రాథమిక బడి నుంచే నేర్పుతుంది, ఒలింపిక్ విజేతైనా సరే మళ్లీ సెలక్షన్‌లో నిలవమంటుంది. 1988 నుంచి మహిళల టీమ్ స్వర్ణం ఒక్కసారి కూడా చేజారలేదు, వరసగా పది. మన దేశానికి ఆర్చరీలో ఇప్పటికీ ఒక్క ఒలింపిక్ పతకం లేదు.

‘రక్తంలో ఉంది’ అనేస్తే ప్రభుత్వానికి ఎంత హాయో ఆలోచించండి. ఉన్నదాన్ని మళ్లీ ఇవ్వనక్కర్లేదు కదా! గ్రౌండ్ వద్దు, కోచ్ వద్దు, లక్షలు పోసి రికర్వ్ కిట్టు కొనక్కర్లేదు. పిల్లలు వెదురు విల్లుతో, మన దేశంలో జరిగే ఇండియన్ రౌండ్ పోటీలో 30, 50 మీటర్లు బాగానే వేస్తారు. రికర్వ్‌కు మారాల్సిన రోజున విల్లు ఉండదు, అక్కడితో ఆగిపోతారు. సరిహద్దు ఊళ్ల బతుకంతా ఇదే వరస. మా డాన్స్ కావాలి, మా పాట కావాలి, ఫొటోకు మేం కావాలి. సంస్థ పెట్టాలంటే మాత్రం దూరం గుర్తొస్తుంది. జిల్లా కేంద్రం గడ్చిరోలికి మాకు దాదాపు 200 కిలోమీటర్లు. అటు నదికి అవతల కాళేశ్వరం కనిపిస్తూనే ఉంటుంది, కానీ అది వేరే రాష్ట్రం, అక్కడి స్కీములు మాకు రావు. ఇంట్లో మాడియా, బజార్లో తెలుగు, బడిలో మరాఠీ మాట్లాడే పిల్లను దూరం హాస్టల్‌కు తీసుకెళ్లి, హిందీలో ‘మోచెయ్యి ఎత్తు’ అంటే ఆ పిల్లకు సగమే అందుతుంది. భుజం ఎక్కడ బిగుస్తోందో తన మాటలో చెప్పుకోలేని పిల్ల నెల తిరగకుండా ఇంటికొచ్చేస్తే ‘వీళ్లు నిలబడరు’ అని రాసేస్తారు.

2028 లాస్ ఏంజెలెస్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ కూడా చేరుతోంది. మళ్లీ సెలక్షన్ బృందాలు బయల్దేరతాయి. ఈసారి సిరోంచకు వచ్చే జీపు నలుగురు పిల్లలను ఎక్కించుకుని పోవడానికి రాకూడదు. ఒక కోచ్‌ను, పది రికర్వ్ విల్లులను, ఒక్కో విల్లుకు సరిపడే డజను బాణాలను ఇక్కడ దించి పోవాలి. 70 మీటర్ల చదును నేల మా దగ్గర కావలసినంత ఉంది.