ఈయేడు ఏ దినం సార్?

సెప్టెంబరు 17 దగ్గర పడుతోందంటే తెలంగాణలో చరిత్రకారులకేం టెన్షన్ ఉండదు. టెన్షనంతా ఫ్లెక్సీ షాపులవాళ్లది. జరిగిందేమిటో అందరికీ తెలుసు: 1948 సెప్టెంబరు 13న హైదరాబాద్ సంస్థానం మీదికి భారత సైన్యం దిగింది, ఆపరేషన్ పోలో, అదే పోలీసు చర్య, మొదలైంది, ఐదో రోజున నిజాం చేతులెత్తేశాడు. తేదీ దగ్గర పేచీ లేదు, పేరు దగ్గరే. కేంద్రానికి విమోచన దినం. గత రాష్ట్ర ప్రభుత్వానికి సమైక్యతా దినం. 2024 నుంచి ప్రజాపాలన దినోత్సవం. ఇంకొందరికి విద్రోహ దినం.

2022లో ఒకే పొద్దున కేంద్ర హోం మంత్రి పరేడ్ గ్రౌండ్స్‌లో విమోచనం జరిపారు, ముఖ్యమంత్రి పబ్లిక్ గార్డెన్స్‌లో సమైక్యత జరిపారు. మధ్యలో ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాడు విముక్తుడయ్యాడో, సమైక్యుడయ్యాడో ఎవరూ తేల్చలేదు.

మండలాఫీసుల సంగతి ఊహించుకోండి. అటెండరు పోయినేటి బ్యానర్ దులిపి తెస్తాడు.

"ఈయేడు ఏ దినం సార్?"

"ఆగవయ్యా, సర్క్యులర్ ఇంకా రాలే."

'తెలంగాణ' పనికొస్తుంది, 'దినోత్సవం' పనికొస్తుంది, మధ్య మాట మీద తెల్ల కాగితం అంటిస్తే సరి. జెండా అదే, మైకు అదే, బూందీ పొట్లం అదే. గాలి వీచి కాగితం లేస్తుంది, కిందనుంచి పాత ప్రభుత్వం తొంగిచూస్తుంది. సూపరింటెండెంటు గారు పరుగున వెళ్లి దాన్ని బొటనవేలితో అదిమిపట్టి, అదే భంగిమలో జనగణమన పూర్తిచేస్తారు. ఖజానా మేలు కోరి చెప్తున్నాను, ఆ ఒక్క మాటకు వెల్‌క్రో కుట్టించండి. ఎన్ని ఎన్నికలొచ్చినా బ్యానర్ చెక్కుచెదరదు.

పేరు కోసం ఇంత కొట్టుకునేవాళ్లు మిగతాది కూడా మైకులో చెప్పొచ్చుగా! ఆ 17కు మూడు వారాల ముందు, ఆగస్టు 27న, బైరాన్‌పల్లి అనే ఊరి మీద నిజాం పక్షపు సాయుధ మూక రజాకార్లు పడి జనాన్ని వరసగా నిలబెట్టి కాల్చారు. ఆ రజాకార్లను పెంచిన నిజాం ప్రభువు ఏమయ్యాడు? 1950లో రాజప్రముఖ్, అంటే గవర్నర్‌లాంటి పదవిలో రాష్ట్రాధినేత, అయ్యాడు! అతనిమీద తుపాకీ పట్టిన రైతుబిడ్డల్ని మాత్రం మన సైన్యమే 1951 దాకా అడవుల్లో వేటాడింది. పోలీసు చర్య తర్వాత ఊచకోతకు గురైన ముస్లింల గురించి కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ రాసిచ్చిన నివేదికను దశాబ్దాలపాటు బయటికే రానివ్వలేదు. సిగ్గులేదూ? వీళ్లందరినీ ఏ దినంలో కలుపుతారయ్యా? శాలువాలు కప్పుకోవడం అయ్యాకే చెప్పండి, తొందరేం లేదు.