నీరు తేటగా ఉంటే సరిపోతుందా?

ఏప్రిల్ చివరి వారంలో దేవరకొండ వైపు ఒక ఊళ్లో నల్లా దగ్గర నిలబడ్డాను. ఒక పెద్దావిడ స్టీలు బిందె నింపి, మూత పెట్టకుండా అరుగు మీద ఉంచారు. ఎందుకని అడిగితే, "మందు వాసన పోవాలి బిడ్డా" అన్నారు. నీరు అద్దంలా ఉంది, అడుగున నలుసైనా లేదు. ఊరి నీటి సరఫరా చూసే యువకుడు చిన్న గాజు గొట్టంలో ఆ నీళ్లే పట్టి రెండు చుక్కల మందు వేశాడు. నీరు లేత పసుపు రంగుకు తిరిగింది. క్లోరిన్ ఉందని పుస్తకంలో రాసుకుని వెళ్లిపోయాడు. ఆ క్లోరిన్ దారి పొడవునా దేనితో కలిసి వచ్చిందో ఆ పసుపు రంగు చెప్పలేదు.

నల్లగొండకు నీటి మీద అనుమానం కొత్త కాదు. బోరు నీటిలోని ఫ్లోరైడ్ ఇక్కడ తరాల ఎముకలను వంచింది. 2015లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ వెలిసినప్పుడు ఈ జిల్లా ఎంత ఆశపడిందో చూసినవాడిని, కృష్ణా నీటి విలువను తక్కువ చేయను. అయితే బోరు నీటి గుణం వేరు, జలాశయం నీటి గుణం వేరు. రాళ్ల మధ్య నుంచి వచ్చే నీరు ఖనిజాలను మోసుకొస్తుంది. జలాశయం నీరు తనలో బతికి కుళ్లినవాటిని మోసుకొస్తుంది. కొల్లాపూర్ వైపు శ్రీశైలం వెనుక జలాలు వెనక్కి తగ్గాక బయటపడిన నేలలో గడ్డి మొలుస్తుంది, వరద రాగానే మళ్లీ మునిగి కుళ్లుతుంది. నల్లమల ఆకులు, పొలాల మట్టి, ఎండాకాలపు నాచు కూడా దానికి తోడవుతాయి. టీ వడగట్టినప్పుడు జాలీలో ఆకు ఆగుతుంది, డికాక్షన్ మాత్రం దిగిపోతుంది కదా. కరిగిన సేంద్రియ పదార్థం ఆ డికాక్షన్ లాంటిది. ఇసుక వడపోత ఒక్కటే దాన్ని ఆపలేదు.

ఈ పదార్థం దానంతట అది పెద్ద విషమేమీ కాదు. క్లోరిన్ తగిలాకే చిక్కు మొదలవుతుంది. 1974లో నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్ నీటి సంస్థలో పనిచేసిన యోహానెస్ రూక్, క్లోరిన్ కలిపిన నది నీటిలో క్లోరోఫాం పుడుతోందని బయటపెట్టాడు. క్లోరోఫాం లాంటి పదార్థాల కుటుంబానికి ట్రైహాలోమీథేన్లని పేరు. హాలోఎసిటిక్ ఆమ్లాలనే మరో కుటుంబం కూడా ఇలాగే పుడుతుంది. వీటిలో క్లోరోఫాం సహా కొన్నింటిని క్యాన్సర్‌కు కారణం కాగల పదార్థాల జాబితాలో చేర్చారు. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరోఫాం వరకు అనుమతిస్తుంది. అమెరికాలో నాలుగు ట్రైహాలోమీథేన్లూ కలిపి 0.08 దాటకూడదు. నీరు ఎంత వేడిగా ఉంటే, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె) ఎంత ఎక్కువైతే, క్లోరిన్‌తో ఎంత ఎక్కువసేపు గడిపితే ట్రైహాలోమీథేన్లు అంతగా పుడతాయి. మే నెలలో మన ఎండ, పదుల కిలోమీటర్ల పైపులైను, ఊరి ట్యాంకులో గంటల తరబడి నిల్వ, ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి.

ఇది చదివి ఎవరైనా క్లోరిన్ తగ్గించమంటే ఒప్పుకోను. క్లోరిన్ లేని నీటితో టైఫాయిడ్, కలరా వెంటనే రావచ్చు. క్లోరిన్ తగిలేలోపే సేంద్రియ పదార్థాన్ని వీలైనంత తీసేయాలి. అందుకు పటికే మొదటి సాధనం.

జార్ టెస్టు చూసినవారికి ఇది తెలుస్తుంది. ఆరు గాజు పాత్రల్లో అవే నీళ్లు, ఒక్కోదానిలో ఒక్కో మోతాదు పటిక. తెడ్లు మొదట జోరుగా, తర్వాత నెమ్మదిగా తిరుగుతాయి. కాసేపటికి దూది పింజల్లా తెట్టు కట్టి అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీటి కలక కొలిచి, ఏ పాత్ర బాగుంటే ఆ మోతాదు ఖాయం చేస్తారు. పొరపాటు ఇక్కడే ఉందని నా అభిప్రాయం. వేసవిలో జలాశయం నీరు సహజంగానే తేటగా ఉంటుంది, అందుకని పటిక తగ్గిస్తారు. నాచు, కరిగిన పదార్థం మాత్రం అప్పుడే ఎక్కువగా ఉండవచ్చు. కలకకు సరిపోయే పటిక వేరు, సేంద్రియ పదార్థానికి కావలసిన పటిక వేరు. పైగా దానికి పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉంటే పని బాగా జరుగుతుంది. మన నీటి క్షారత వల్ల అంత కిందికి దించడం ఖర్చుతో కూడిన పని. దించాక, పైపులు తినేయకుండా మళ్లీ సున్నంతో పెంచాలి కూడా. అమెరికా 1998 నాటి నిబంధనల్లో క్షారతను లెక్కలోకి తీసుకునే, సేంద్రియ కర్బనంలో (సేంద్రియ పదార్థాన్ని కొలిచే లెక్క ఇది) 15 నుంచి 50 శాతం వరకు తీయాలని పెట్టింది. మన ప్రమాణంలో మొత్తం సేంద్రియ కర్బనానికి హద్దే లేదు.

పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ అనగానే ప్రపంచానికి ఈ జిల్లా పేరే గుర్తొస్తుంది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) ఫ్లోరైడ్ తీయడానికి రూపొందించిన పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. అందులో బ్లీచింగ్‌ను పటికతో పాటే కలిపేవారు. బోరు నీటిలో సాధారణంగా సేంద్రియ పదార్థం తక్కువ కాబట్టి అది పెద్ద ఇబ్బంది కాలేదు. నది నీటికి అదే అలవాటు పనికిరాదు. నాచు పట్టకుండా ముడి నీటిలోనే క్లోరిన్ వేయడం ఎక్కడ జరిగినా, దాన్ని తెట్టు దిగాక, వీలైతే వడపోత తర్వాతకు మార్చాలి. దీనికి కొత్త యంత్రాలు అక్కర్లేదు. మందు వేసే చోటు మార్చి, రోగకారక క్రిములు చావడానికి తగినంత సమయం మిగులుతోందో లేదో చూసుకుంటే చాలు. సేంద్రియ పదార్థాన్ని పట్టుకునే ప్రత్యేకమైన బొగ్గు, యాక్టివేటెడ్ కార్బన్, మంచిదే కానీ ఖరీదైనది, పటికతో సాధించగలిగింది సాధించాకే దాని మాట.

కొలవడం కూడా అంత భారం కాదు. 254 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని నీరు ఎంత పీల్చుకుంటుందో చూస్తే సేంద్రియ పదార్థం అంచనా దొరుకుతుంది. జార్ టెస్టులో కలక పక్కన ఈ అంకె కూడా రాస్తే పటిక మోతాదు మీద చర్చ మారిపోతుంది.

ఆ పెద్దావిడ బిందె తెరిచి ఉంచడంలో కొంత పని జరుగుతుంది. క్లోరిన్ వాసనతో పాటు క్లోరోఫాం కొంత ఆవిరైపోతుంది. హాలోఎసిటిక్ ఆమ్లాలు మాత్రం బిందెలోనే ఉంటాయి. అందుకే మే నెలలో ఒకసారి, కొత్త నీరు వచ్చిన వారంలో ఒకసారి, శుద్ధి కేంద్రం గేటు దగ్గర కాకుండా పైపులైను చివరి ఊళ్లో నల్లా తిప్పి నమూనా తీయాలి. ట్రైహాలోమీథేన్లు, హాలోఎసిటిక్ ఆమ్లాలు రెండూ పరీక్షించి, వచ్చిన అంకెలను ఆ ఊరి పంచాయతీ గోడ మీద ఫ్లోరైడ్ అంకె పక్కనే రాయాలి.