జాప్యం తగ్గింపుపై మా అభ్యంతరం

సివిల్ కోర్టుల్లో జాప్యం తగ్గించాలట, సామర్థ్యం పెంచాలట. ఈమధ్య ఎవరి నోట విన్నా ఇదే మాట. మూడు తరాలుగా దావా నడుపుతున్న కుటుంబం తరఫున నా అభ్యంతరం దాఖలు చేసుకుంటున్నాను.

అసలు మనకు సామర్థ్యం లేదన్నదెవరు? సివిల్ దావాలు ఎలా నడపాలో చెప్పే చట్టం, సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 17 తీసి చూడండి. విచారణలో ఒక పక్షానికి మూడు వాయిదాలకు మించి ఇవ్వకూడదని ఉంది. 2002 నుంచి అమల్లో ఉంది కూడా. పరిస్థితి మరీ చెయ్యి దాటిపోతే నాలుగోది ఇవ్వొచ్చని 2005లో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పట్నుంచీ మా కోర్టులో పరిస్థితి చెయ్యి దాటని రోజంటూ లేదు.

వేగం సంగతీ చెప్తా. పొద్దున పదిన్నరకు కాల్‌వర్క్, అంటే ఆనాటి కేసుల్ని వరసగా పిలవడం. బంట్రోతు వరండాలోకొచ్చి మా తాతగారి పేరు పిలుస్తాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది గానీ కేసు ఇంకా ఆయన పేరు మీదే పిలుపు. నేను చెప్పులు విడిచి లోపలికి చేరేలోపే జూనియర్ వకీలు సగం లేచి, "సీనియర్ గారు పై కోర్టులో ఉన్నారండీ, టైం కావాలి" అంటాడు. తేదీ పడుతుంది. మొత్తం అరనిమిషం. ఇందులో జాప్యం ఎక్కడుందో ఎవరైనా చూపిస్తే దావా వాపసు తీసుకుంటాను.

దావా హద్దు మీది వేపచెట్టు గురించి. చెట్టు మాదా, పక్కింటివాళ్లదా అన్నది తేల్చాలి. తాతగారు పోతే వారసుల్ని చేర్చడానికి ఒక పిటిషన్. అది కోర్టు రిజిస్టర్లో నంబరయ్యేలోపు అవతలి పెద్దాయన పోయారు, ఇంకొకటి. ఈలోగా చెట్టూ పోయింది. దానికి వారసులు లేరు కాబట్టి పిటిషన్ అక్కర్లేకపోయింది. తర్వాత స్థలం చూసి రమ్మని కోర్టు పంపిన వకీలు, అదే అడ్వకేట్ కమిషనర్, టేపు పట్టుకొచ్చి, కొలిచి, "స్థలంలో చెట్టు లేదు" అని రిపోర్టిచ్చాడు. దాని మీద రెండు పక్షాలమూ అభ్యంతరాలు వేశాం. మేమిద్దరం ఏకాభిప్రాయానికి వచ్చింది ఆ ఒక్కసారే.

జడ్జిల్ని పెంచితే చాలంటారు కొందరు. పది లక్షల జనాభాకు పదిమందే ఉన్నారు, 50 మంది కావాలని లా కమిషన్ 1987లోనే రాసింది. అయిదేళ్లలో అంతమందిని పెట్టండని 2002లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఇప్పుడు ఇరవై పైచిలుకు దాకా వచ్చాం. అదీ మంజూరైన పోస్టుల లెక్క, ఖాళీ కుర్చీలూ అందులో జడ్జిలే. భాగించే జనాభా 2011 నాటిది. ఆ తర్వాత పుట్టినవాళ్లు ఎటూ ఇంకా దావా వేసే వయసుకు రాలేదు కదా, తొందరేముంది?

పోనీ తీర్పే వచ్చిందనుకుందాం. డిక్రీ, అంటే ఆ తీర్పు ప్రకారం ఇచ్చే ఉత్తర్వు, చేతికొచ్చాకే ఇండియాలో కక్షిదారుకు అసలు కష్టాలు మొదలవుతాయని అప్పట్లో లండన్‌లో మన పై కోర్టుగా ఉన్న ప్రివీ కౌన్సిల్ 1872లోనే అంది. గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడని మనవాళ్లు ఊరికే అన్నారా? డిక్రీ అమలు చేయించమని వేసే పిటిషన్లను ఆరు నెలల్లో ముగించాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చిందంటే, ఆ ఏడుపు నిరాటంకంగా సాగుతోందనేగా.

అన్నిటికంటే నన్ను భయపెడుతున్నది వేరే ఉంది. పక్కింటాయనా నేనూ వాయిదాకి ఒకే బస్సులో వెళ్తాం. ముందెక్కినవాడు రెండోవాడికి సీటు ఆపుతాడు. కేసు తేలిపోతే ఆయన నాతో మాట్లాడ్డానికి కారణమేదీ మిగలదు. మొన్న నాకు జ్వరమొస్తే మావాడిని పంపాను. వాడికి కోర్టు హాలేదో, బోర్డు మీద మా నంబరు ఎక్కడ వెతకాలో తెలీదు. పక్కింటాయనే వెంటబెట్టుకుని తిప్పి, తేదీ చీటీ మీద రాసి జేబులో పెట్టి పంపాడు. "వాడికి నెమ్మదిగా అలవాటవుతుంది బావగారూ, మీరు పడుకోండి" అని ఫోన్ కూడా చేశాడు.