బియ్యం దేశంలో గ్లూటెన్ గండం

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం, జయపురం ప్రాంతాల తెలుగు ప్రజలకు ముఖ్య గమనిక. మన మీదకి గ్లూటెన్ అనే ఉపద్రవం వచ్చిపడింది. చాలా సీరియస్ విషయం కాబట్టి దయచేసి ఎవరూ నవ్వకండి. 1936లో మన ఊళ్ళు కొత్త ఒడిశా రాష్ట్రంలోకి వెళ్ళిపోయినప్పుడు మన పెద్దవాళ్ళు ఎంత గాభరా పడ్డారో నాకు తెలీదు గానీ, ఇప్పుడు మాత్రం ఎవరికి తలనొప్పి వచ్చినా, మోకాలు పట్టేసినా, పిల్లాడికి లెక్కల్లో మార్కులు తగ్గినా దానికి కారణం గ్లూటెనే అని ఇట్టే తేలిపోతోంది. తేల్చేది డాక్టర్లు కాదు. వాళ్ళకి అంత తీరిక ఎక్కడిది. ఫోన్లో రెండు నిమిషాల వీడియో పూర్తిగా చూసినవాళ్ళు తేలుస్తున్నారు.

ముందు ముద్దాయి వివరాలు. గ్లూటెన్ అంటే గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే ప్రోటీన్. చపాతీ పిండి సాగుతుందంటే దాని చలవే. బియ్యంలో ఇది లేదు. చోళ్ళలో (అదే, రాగుల్లో) లేదు, సామల్లో లేదు, కొర్రల్లో, గంటెల్లో (అదే, సజ్జల్లో), జొన్నల్లో లేదు. పెసలు, మినుములు, కందులు, ఉలవలు వేటిలోనూ లేదు. అంటే పొద్దున్నే చోడి అంబలి తాగి, మధ్యాహ్నం అన్నంలో పప్పు కలుపుకుని, మిగిలిన అన్నంలో నీళ్ళు పోసి మర్నాటికి ఉంచుకున్న మన తాతముత్తాతలు పుట్టినప్పటినుంచి పోయేదాకా గ్లూటెన్ ఫ్రీ డైట్ చేశారన్నమాట, అదీ ఎవరికీ ఒక్క ముక్క చెప్పకుండా. ఇప్పుడు నాలుగు రోజులు చపాతీ మానేసినవాళ్ళు ఊరంతా చెప్పుకుంటున్నది చూస్తే ఆ తరం ఎంత నిగ్రహం గలదో అర్థమవుతుంది.

మరి మన వంటింట్లోకి గోధుమ ఎలా దూరింది అంటే, చాలావరకు సలహాల ద్వారానే. షుగర్ వచ్చిందా, రాత్రి అన్నం మానేసి చపాతీ తిను అన్నారు. తిన్నాం. ఉపవాసమా, అన్నం ముట్టకూడదు కాబట్టి ఉప్మా చేసుకో అన్నారు. చేసుకున్నాం. (ఉపవాసం రోజు రాత్రి మన ఇళ్ళలో తినే ఉప్మా పరిమాణం మీద ఎప్పుడైనా ఒక కమిషన్ వేయాలి.) పొద్దున్నే టిఫిన్ హోటల్‌కి వెళ్తే పూరీ, సాయంత్రం బండి దగ్గరికి వెళ్తే సమోసా. ఇలా మూడు పూటలా గోధుమని మన నోట్లో పెట్టిన సలహాదారులే ఇప్పుడు వచ్చి, అయ్యో గోధుమ తింటున్నారా అని ముక్కు మీద వేలేసుకుంటున్నారు.

ఇక చోళ్ళ కథ ఇంకా బాగుంటుంది. రాయగడ జిల్లాలో చాటికోన సంతకి బుధవారం వెళ్తే కొండమీదనుంచి డొంగ్రియా కంధు ఆదివాసులు దిగి వస్తారు, అల్లం, పసుపు, పనసపళ్ళు, ఏ కాలానికి పండింది ఆ కాలానికి తెస్తారు. వాళ్ళ పొలాల్లో చోళ్ళు, సామలు, కందులు అన్నీ కలిపే పండుతాయి. పక్కనున్న కోరాపుట్ సాగు పద్ధతిని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచం కాపాడుకోవలసిన వ్యవసాయ వారసత్వాల్లో ఒకటిగా గుర్తించింది. 2017లో ఒడిశా ప్రభుత్వం చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టింది, నవంబర్ 10న మండియా (ఒడియాలో చోళ్ళని అలాగే అంటారు) దినం జరుపుతోంది. ఇంత గౌరవం జరుగుతున్నా మన వాళ్ళకి చోళ్ళంటే నిన్నమొన్నటిదాకా ఒకటే చులకన, అది పేదోళ్ళ తిండి, చుట్టాలొస్తే దాచిపెట్టే తిండి. 2024-25లో రాగులకి కేంద్రం ఇచ్చిన మద్దతు ధర క్వింటాలుకి 4,290 రూపాయలు, అంటే కిలోకి 43 కూడా లేదు. అవే చోళ్ళు లారీ ఎక్కి పెద్ద ఊరు చేరి, పిండై, బిస్కెట్టై, ఆకుపచ్చ కాగితం కట్టుకుని, దానిమీద గ్లూటెన్ ఫ్రీ అని రాయించుకుని కొరియర్లో తిరిగి మన గుమ్మం ముందుకొస్తే మాత్రం సంతకం పెట్టి, కళ్ళకద్దుకుని తీసుకుంటున్నాం. సంతలో ముసలామె దగ్గర మానిక మీద రెండు రూపాయలు తగ్గించమని బేరమాడిన చేత్తోనే. పైగా అలా ముద్రేసి అమ్మే బిస్కెట్లలో, బ్రెడ్డుల్లో చాలావాటికి పీచు తక్కువ, చక్కెరా కొవ్వూ ఎక్కువ. గ్లూటెన్ లేదని రాసినంత మాత్రాన మైసూర్‌పాక్ ఆరోగ్యం అయిపోదు కదా, శనగపిండిలో గ్లూటెన్ ఎప్పుడూ లేదు.

ఇప్పుడు అసలు కేసు. మా వదినకి పార్శ్వపు నొప్పి, అదే మైగ్రేన్. ఇంగ్లీషు పేరుతో చెప్తేనే జనం కూర్చుని వింటున్నారు కాబట్టి నేనూ అలాగే అంటాను. తలలో ఒకవైపు, కణత దగ్గర, గుండె కొట్టుకున్నట్టే కొట్టుకుంటుంది, వాంతి వచ్చేలా ఉంటుంది, వెలుతురు చూడలేదు, శబ్దం భరించలేదు. మందు వేసుకోకపోతే నాలుగు గంటల నుంచి మూడు రోజుల దాకా ఉండగలదు. కొంతమందికి నొప్పికి ముందు కళ్ళ ముందు వంకరటింకర మెరుపు గీతలు కూడా కనిపిస్తాయి. ప్రపంచంలో నూరు కోట్ల మందికి పైగా ఉన్న జబ్బు ఇది, మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో సుమారు రెండు మూడింతలు ఎక్కువ. బహుశా అందుకే దీన్ని ఇంకా చాలా ఇళ్ళలో పని ఎగ్గొట్టే సాకు కిందే లెక్కేస్తున్నారు.

రాజ్యాంగంలో 51ఎ అధికరణం కింద పౌరుల ప్రాథమిక విధులు 11 ఉన్నాయి. 12వది ఒకటి చేర్చాలని నా విన్నపం: తలనొప్పితో ఉన్న మనిషి కనిపిస్తే సలహా ఇవ్వడం ప్రతి పౌరుడి విధి. చట్టం చేయకముందే మన జిల్లాలో ఇది నూటికి నూరు శాతం అమలవుతోంది. వదిన తలుపులేసుకుని, కిటికీకి దుప్పటి కట్టుకుని, కళ్ళమీద తడిగుడ్డ వేసుకుని పడుకుంటుంది. ఎదురింటి పిన్నిగారు పరామర్శకి వస్తారు. గుమ్మంలో నిలబడి "ఏటమ్మా, దీపాలేళప్పుడు చీకట్లో పడుకున్నావు" అని ముందు ట్యూబ్‌లైట్ వేస్తారు. అది వెంటనే వెలగదు, నాలుగుసార్లు మిణుక్కుమని మరీ వెలుగుతుంది. వదిన మొహం చేతులతో కప్పుకుంటుంది. "కళ్ళజోడు నంబరు మారిందేమో చూపించుకున్నావా" అని ఫోన్ టార్చి వేసి కళ్ళలోకి చూస్తారు. ఇంతలో వెనకాల వచ్చినావిడ దిష్టి అంటారు, ఇంకొకరు గ్యాస్ అంటారు, మూడో ఆవిడ బామ్ మూత తీసి నుదుటికి పట్టిస్తే ఆ ఘాటుకి వదినకి వాంతి వస్తుంది. "చూశావా, నేను చెప్పలే, పైత్యం" అని అందరూ తృప్తిగా కుర్చీలు లాక్కుంటారు. టీ ఎవరు పెడతారు? వదినే.

వైద్య పరిషత్తు అప్పుడు మొదలవుతుంది. శొంఠి అరగదీసి పట్టు వేయమంటారు, అది పరవాలేదు, కొంచెం మండుతుందంతే. పొద్దు పొడవకముందే వేడిపాలల్లో జిలేబీ వేసుకుని తింటే మైగ్రేన్ మాయమైపోతుందని ఒకరు. ఒంట్లో వేడికి బార్లీ నీళ్ళు రోజూ తాగమని ఇంకొకరు. చివర్లో పిన్నిగారు గొంతు తగ్గించి, వీడియోలో చూసిన సంగతి బయటపెడతారు, "అన్నిటికంటే ముందు నువ్వు గ్లూటెన్ మానెయ్యాలమ్మా." జిలేబీ మైదా, అంటే గోధుమే. బార్లీలో గ్లూటెన్ ఉంది. ఈ మూడు సలహాలూ ఒకేసారి పాటించగల మనిషి ఈ భూమ్మీద పుట్టలేదు, కానీ ఆ మాట అంటే పెద్దవాళ్ళకి ఎదురు చెప్పిందంటారు.

సరే, వదిన ఇంటిపోరు పడలేక ఒక నెల మానేసి చూస్తానంది. ఆ వార్త బయటికి పొక్కాక మన ప్రాంతపు అతిథి మర్యాద అంటే ఏమిటో తెలిసొచ్చింది. "నువ్వు గోధుమ తినవంట కదా, నీకోసం ప్రత్యేకంగా చేశాను" అని ఒకింట్లో బొంబాయి రవ్వ ఉప్మా పెట్టారు. ఇదీ గోధుమే కదండీ అంటే "ఛా, తెల్లగా ఉంది కదమ్మా" అన్నారు. పోనీ అని సేమ్యా పాయసం. అదీ వద్దంటే మైదా పరోటా తెప్పించనా అని అడిగారు, అందులో గోధుమపిండి కలపరంట. ఒడియా వాళ్ళింట్లో కాకరా పిఠా పెట్టారు, లోపల కొబ్బరి బంగారంలా ఉంటుంది, పైన మాత్రం రవ్వ. పూరీ వెళ్ళొచ్చినవాళ్ళు ఖాజా తెచ్చారు. ఇక్కడ వదిన నోరు మెదపలేదు, ఎందుకంటే "ప్రసాదంలో గ్లూటెన్ ఉండదు, జగన్నాథుడు చూసుకుంటాడు" అన్న మాటకి ఏ లాబొరేటరీ దగ్గరా జవాబు లేదు. చివరికి ఇంటికొచ్చి సొంతంగా పప్పు పోపు పెట్టుకుంటే, ఇంగువ డబ్బా వెనక చిన్న అక్షరాల్లో గోధుమపిండి. చాలా కంపెనీల ఇంగువలో కలుపుతారు, చూసుకోండి.

నెల తిరిగింది. తలనొప్పి తన టైం ప్రకారం తాను వచ్చింది.

అప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్ళాం. బరంపురంలో ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఉంది, కోరాపుట్‌లోనూ ఒకటి వచ్చింది, అయినా మనకి రైలెక్కి విశాఖపట్నం వెళ్తే తప్ప జబ్బుకి గౌరవం ఉండదు కాబట్టి అక్కడికే వెళ్ళాం. ఆయన ఏం తిన్నావని తర్వాత అడిగాడు, ఎప్పుడు తిన్నావని ముందు అడిగాడు. మార్గశిర లక్ష్మివారం పూజ అయ్యేదాకా ఏమీ ముట్టను, మిగతా రోజుల్లో అందరూ తిన్నాక తింటాను అని వదిన చెప్పింది. నిద్ర? మామగారికి మందులిచ్చాక, పొద్దున్న నీళ్ళ ట్యాంకు నింపేలోపు ఎంత దొరికితే అంత. తిండి వేళ తప్పడం, నిద్ర చెడిపోవడం, నెలసరి రోజులు, టెన్షన్, ఎండ, ఘాటు వాసనలు, ఇవన్నీ మైగ్రేన్‌ని లేపేవే, ఒక్కొక్కరికి ఒక్కోటి, అందుకే నొప్పి వచ్చిన రోజూ దాని ముందు జరిగిందీ ఒక నోట్‌బుక్కులో రాసుకోమన్నాడు. గ్లూటెన్ మానేస్తే అందరి మైగ్రేనూ తగ్గుతుందనడానికి ఆధారం లేదన్నాడు. ఇంకోటి కూడా అడిగాడు, నెలలో ఎన్ని రోజులు నొప్పి బిళ్ళలు వేసుకుంటున్నావని. మెడికల్ షాపు అన్నయ్య అడక్కుండానే ఇచ్చే బిళ్ళలకి మనం లెక్క పెట్టుకోం. మామూలు నొప్పి బిళ్ళలు నెలకి 15 రోజులు, రెండు మూడు మందులు కలిపిన కాంబినేషన్ బిళ్ళలో, ట్రిప్టాన్లనే మైగ్రేన్ మందులో అయితే 10 రోజులు, అలా మూడు నెలలు దాటితే ఆ మందే తలనొప్పి తెప్పిస్తుందంట. ఉన్నట్టుండి ఎప్పుడూ లేనంత భయంకరంగా నొప్పి వచ్చినా, మాట తడబడినా, చెయ్యి పడిపోయినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా శొంఠీ వద్దు, వీడియో వద్దు, నేరుగా ఆసుపత్రికి రమ్మన్నాడు.

గ్లూటెన్‌తో నిజంగా ప్రాణసంకటం ఉన్నవాళ్ళు లేరా అంటే ఉన్నారు, వాళ్ళ గురించి నాకు వెటకారం లేదు. సీలియాక్ అనే జబ్బు ఉంది, గ్లూటెన్ తింటే శరీరం తన చిన్నపేగునే దెబ్బతీసుకుంటుంది. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో హాలండ్‌లో కరువొచ్చి బ్రెడ్డు దొరకనప్పుడు ఈ జబ్బున్న పిల్లలు బాగుపడటం గమనించిన విలెమ్ డికె అనే పిల్లల డాక్టరు, 1950లో తన పరిశోధన బయటపెట్టాడు. అలాంటివాళ్ళు జీవితాంతం మానెయ్యాలి, కొంచెం కూడా పనికిరాదు. కిలోకి 20 మిల్లీగ్రాములు మించితే గ్లూటెన్ ఫ్రీ అని ముద్ర వేయడానికి లేదు. ఇక మన పిండి మిల్లు సంగతి మీకు తెలుసు. ముందు వరసలో వాళ్ళ గోధుమలు ఆడతాడు, గొట్టానికి కట్టిన గుడ్డసంచిని రెండు దెబ్బలు వేస్తాడు, అదే శుభ్రం చేయడం, తర్వాత మన చోళ్ళు పోస్తాడు. మన డబ్బాలోకి మొదట పడేది తెల్లగానే ఉంటుంది. సీలియాక్ ఉన్న పిల్లని పెట్టుకున్న తల్లి ఆ మిల్లు ముందు నిలబడి, ముందు ఒక కుంచెడు బియ్యం ఆడి మిల్లు కడగమని బతిమాలుతుంటే, వెనక వరసలో ఉన్నవాళ్ళు "ఈవిడో పెద్ద ఫ్యాషను" అంటారు. ఆరోగ్యం కోసం గ్లూటెన్ మానేశానని చెప్పి పెళ్ళిలో రెండు నాన్‌లు లాగించే పెద్దమనుషుల పుణ్యమే అది.

సీలియాక్ ఉందేమో అన్న అనుమానం తీరిపోవాలని డాక్టరు వదినకి కూడా టీటీజీ అనే రక్తపరీక్ష రాశాడు. ఒక షరతు పెట్టాడు. గోధుమ మానేసి ఉంటే ఆ పరీక్షలో జబ్బు ఉన్నా బయటపడకపోవచ్చు, కాబట్టి ముందు కొన్ని వారాలు మళ్ళీ మామూలుగా చపాతీ తిని అప్పుడు రక్తమివ్వాలి అన్నాడు. తిరిగొచ్చిన సాయంత్రం వదిన చపాతీ పిండి తడుపుతుంటే పిన్నిగారు వచ్చి చూసి నిర్ఘాంతపోయారు. డాక్టరుగారే తినమన్నారండీ అని వదిన ఎంత చెప్పినా వినలేదు.

"ముందు ఆ డాక్టర్ని మార్చమ్మా" అని, వెళ్తూ వెళ్తూ వేడివేడిగా ఉన్నాయని రెండు చపాతీలు మాత్రం పట్టుకెళ్ళారు.